మెదడు కాండపు రక్తప్రసరణ

మెదడు కాండము మానవుని మెదడును వెన్నుపాముతో కలిపే కాడవంటి భాగము. ఇందులో పైనుండి క్రిందికి మధ్యమెదడు, పాన్స్, మజ్జాముఖము అనే మూడు భాగాలున్నాయి. శ్వాస, గుండె వేగము, మింగుట, కంటి కదలికలు, మెలకువ మొదలైనవాటిని నియంత్రించే కేంద్రాలు ఈ చిన్న భాగములో ఇమిడి ఉన్నాయి. అందువలన దీనికి రక్తాన్ని అందించే సన్నని ధమని మూసుకుపోయినా తీవ్రమైన లోపాలు కలుగుతాయి.

ముఖ్య ధమనులు

మెదడు కాండానికి రక్తము ప్రధానంగా రెండు వెన్నుపూస ధమనుల నుండి లభిస్తుంది. ఇవి మెడ వెన్నుపూసల ప్రక్కనున్న రంధ్రాల గుండా పైకి సాగి, పుర్రె అడుగున ఉన్న పెద్ద రంధ్రము ద్వారా లోనికి ప్రవేశిస్తాయి. పాన్స్ దిగువ అంచు వద్ద రెండూ ఏకమై బేసిలార్ ధమనిగా మారతాయి. ఇది పాన్స్ ముందువైపున పైకి సాగి, దాని పై అంచు వద్ద రెండు పృష్ఠ మస్తిష్క ధమనులుగా చీలుతుంది. ఇవి మెడ ముందుభాగము నుండి వచ్చే కెరోటిడ్ ధమనులతో కలిసే చోటును విల్లిస్ వలయము అంటారు. ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ప్రచురించిన గ్రంథములో దీనిని వర్ణించాడు.

భాగాలవారీగా సరఫరా

* మజ్జాముఖము: మధ్యభాగానికి పూర్వ వెన్నుపాము ధమని, ప్రక్కభాగాలకు వెన్నుపూస ధమనులు, వాటి శాఖయైన పృష్ఠ అధో అనుమస్తిష్క ధమని.
* పాన్స్: ముఖ్యంగా బేసిలార్ ధమని శాఖలు. పొట్టి శాఖలు మధ్యభాగానికి, చుట్టూ తిరిగివచ్చే పొడవు శాఖలు ప్రక్క, వెనుక భాగాలకు చేరుతాయి.
* మధ్యమెదడు: ముఖ్యంగా పృష్ఠ మస్తిష్క ధమని, ఊర్ధ్వ అనుమస్తిష్క ధమని.

ప్రసరణకు అంతరాయము

ఒక్కొక్క ధమనికి ఒక్కొక్క ప్రాంతము ఉన్నందున, రోగలక్షణాలను బట్టి అడ్డంకి ఎక్కడ ఉన్నదో వైద్యులు ఊహించగలరు. మజ్జాముఖపు ప్రక్కభాగము దెబ్బతింటే ముఖములో ఒకవైపు, శరీరములో దాని ఎదురువైపు నొప్పి, వేడి, చలి తెలియవు. తల తిరుగుట, మింగలేకపోవుట కనిపిస్తాయి. 1895లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ వర్ణించినందున దీనికి ఆయన పేరు వచ్చింది.

బేసిలార్ ధమని మూసుకుపోవుట అత్యంత ప్రమాదకరము. పాన్స్ ముందుభాగము మాత్రమే నశిస్తే కాళ్ళు, చేతులు, మాట పడిపోతాయి. కాని వెనుకభాగము, మధ్యమెదడు చెడనందున తెలివి, కళ్ళను పైకీ క్రిందికీ కదపగల శక్తి నిలిచి ఉంటాయి. దీనిని లాక్డ్-ఇన్ సిండ్రోమ్ అంటారు. 1995లో ఈ స్థితికి లోనైన ఫ్రెంచి సంపాదకుడు జాన్-డొమినిక్ బాబి, ఎడమ కంటి రెప్ప ఆర్పుతూ అక్షరాలను సూచించి ఒక పుస్తకమే వ్రాయించాడు. అది 1997లో వెలువడింది. కదలని రోగికి తెలివి లేదని భావించరాదని ఈ ఉదంతము తెలుపుతుంది.

చికిత్స

రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. సన్నని గొట్టముతో గడ్డను బయటికి తీసే పద్ధతి బేసిలార్ ధమని విషయములో మేలు చేస్తుందని 2022లో ప్రచురితమైన రెండు చైనా పరిశోధనలు చూపాయి. హఠాత్తుగా తల తిరుగుట, ఒకటి రెండుగా కనిపించుట, మాట తడబడుట, నడక తూలుట కలిసి వస్తే రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.