స్టెమ్ చుట్టూ విరిగిన తొడ ఎముక

నేటి తరహా కృత్రిమ తుంటి రాకముందే, దాని కింద విరగబోయే ఎముకకు పట్టీ సిద్ధమై ఉంది. అమెరికాలో న్యూ ఆర్లీన్స్ సర్జన్ పార్హమ్, మార్టిన్‌తో కలిసి 1913లో ఎముక చుట్టూ బిగించే లోహపు పట్టీని వైద్యలోకం ముందు పెట్టాడు. అది మామూలుగా విరిగిన ఎముకల కోసం చేసింది. 65 ఏళ్ల తర్వాత, 1978లో, ఆగ్డెన్ దాన్ని తుంటి మార్పిడి అయినవాళ్లకు వాడాడు: ప్లేటుకు కింద స్క్రూలు, పైన పార్హమ్ పట్టీలు. పైభాగంలో ఎముక గొట్టం నిండా కృత్రిమ తుంటి కాడ, అంటే స్టెమ్, ఉంటుంది. స్క్రూ అవతలి గోడ దాకా పోదు. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టు చుట్టూ బిగించక తప్పదు.

ఈ చిక్కు ఎక్కువైంది ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్‌లీ విజయం వల్లే. రైటింగ్‌టన్ ఆసుపత్రిలో 1962 నవంబరులో ఆయన లోహపు గుండుకు గట్టి పాలిథిన్ గిన్నె జతచేశాడు. గుండు వ్యాసం 22.25 మిల్లీమీటర్లే. స్టెమ్‌ను ఎముకలో నిలిపింది పళ్ల డాక్టర్ల యాక్రిలిక్ సిమెంటు. సిమెంటు తగిలిన చోట విరిగిన ఎముక అతుకుతుందా అన్న అనుమానాన్నీ ఆయనే పట్టించుకుని, అతుకుతుందని 1966లో రాశాడు. అంత ముందుచూపున్న సర్జన్లు అరుదు. అయినా చాలామంది రోగులకు అప్పట్లో దక్కింది కాలికి బరువు కట్టుకుని వారాల తరబడి మంచాన పడి ఉండటమే.

వెడల్పు పట్టీ ఎముక పైపొరకు రక్తం అందనివ్వదన్న భయంతో తర్వాత సన్నని కేబుళ్లు, లాకింగ్ ప్లేట్లు వచ్చాయి. పార్హమ్‌ను ఇప్పుడు తలిచేవారు తక్కువ. ఆయన ఉపాయం మాత్రం నేటికీ పనిచేస్తోంది కనుక ఇది అన్యాయమే.

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఎముకకు మరో చరిత్ర ఉంది. మనదేశంలో మనుషుల ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ బృందం నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి ఆనాడు ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలోకి, అంటే తర్వాతి ప్రకాశంలోకి వచ్చాయి. ఫ్లోరైడు నీళ్లు తాగిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది గాని పెళుసు. డ్రిల్లుకు లొంగదు, స్టెమ్ దించేటప్పుడే చీలే ప్రమాదం ఉంది.

1995లో డంకన్, మస్రీ చేసిన వాంకూవర్ వర్గీకరణతో స్టెమ్ చుట్టూ విరిగిన ఎముకల వైద్యం దారిన పడింది. స్టెమ్ బిగువుగా ఉందా, వదులైందా అన్నదే అసలు ప్రశ్న. బిగువుగా ఉంటే ప్లేటు, కేబుళ్లు. వదులైతే ప్లేటు ఒక్కటే చాలదు. విరిగిన చోటు దాటి కిందికి దిగే పొడవాటి స్టెమ్ కావాలి. పాత ఎక్స్‌రే దాచుకున్నవాళ్లకు ఇక్కడ మేలు జరుగుతుంది, స్టెమ్ కిందికి జారిందీ లేనిదీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. విరిగిన చోటు స్టెమ్ కొసకు బాగా దిగువనైతే మామూలుగా విరిగిన ఎముకకు వేసినట్టే ప్లేటు వేస్తారు. దాన్ని స్టెమ్ మీదికి పాకేంత పొడవుగా తీసుకుంటారు. మధ్యలో ఖాళీ మిగిలితే ఎముక మళ్లీ విరిగేది అక్కడే.