చైనా 240 గంటల వీసా రహిత ట్రాన్సిట్

ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్తూ దారిలో చైనాలో దిగే విదేశీయులను వీసా లేకుండా పది రోజుల వరకు ఉండనిచ్చే విధానం. 2013 జనవరిలో బీజింగ్, షాంఘైలలో 72 గంటల గడువు అమల్లోకి వచ్చింది. 2016లో షాంఘై, జియాంగ్సు, జెజియాంగ్‌లలో అది 144 గంటలైంది. 2024 డిసెంబర్ 17న గడువును 240 గంటలకు పెంచి, 54 దేశాల పౌరులకు, 24 ప్రాంతాల్లోని 60 ప్రవేశ కేంద్రాల్లో వర్తింపజేశారు. 2025 జూన్‌లో ఇండోనేషియా కూడా చేరింది.

విధానానికి ఆయువుపట్టు ‘మూడో దేశం’ నిబంధన. టోక్యో నుంచి షాంఘై వచ్చి మళ్లీ టోక్యోకే వెళ్తానంటే చెల్లదు. సింగపూర్‌కు వెళ్తే చెల్లుతుంది. హాంకాంగ్, మకావ్ చైనాలో భాగాలే అయినా ఈ లెక్కలో వేరు ప్రాంతాలే. ఈ మినహాయింపు తెలిస్తే ప్రయాణ ప్రణాళిక ఎంతో సులువవుతుంది. తేదీ, సీటు ఖరారైన తదుపరి ప్రయాణపు టికెట్ చూపాలి. గడువును దిగిన క్షణం నుంచి కాక, ఆ తర్వాత వచ్చే అర్ధరాత్రి నుంచి లెక్కిస్తారు. కాబట్టి ఉదయాన్నే దిగినవారికి దాదాపు ఒక రోజు కలిసొస్తుంది. అనుమతించిన ప్రాంతాల మధ్య స్వేచ్ఛగా తిరగవచ్చు. టిబెట్ ఈ పరిధిలో లేదు. ఉద్యోగం, చదువు, వార్తాసేకరణ కుదరవు. హోటల్‌లో కాక బంధుమిత్రుల ఇంట్లో దిగితే 24 గంటల్లోగా స్థానిక పోలీసుల వద్ద నమోదు తప్పనిసరి.

భారత్ ఈ జాబితాలో లేదు. చూసేది నివాసాన్ని కాదు, పాస్‌పోర్టును. అందువల్ల అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు అర్హులు. గ్రీన్‌కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టుతో ప్రయాణించేవారు కారు.