పోలీసుకు చదువెందుకన్న దేశంలో

అమెరికాలో పోలీసు ఉద్యోగం కోరుకునేవాళ్ళు, జైళ్ళ శాఖలోనో కోర్టుల్లోనో పనిచేయాలనుకునేవాళ్ళు, ఎప్పటికైనా లా చదవాలని ఆశపడేవాళ్ళు చాలామంది కమ్యూనిటీ కాలేజీ అనే రెండేళ్ళ కాలేజీలోనే చదువు మొదలుపెడతారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. పెళ్ళయి కాలిఫోర్నియా వచ్చి, పిల్లలు బడికి వెళ్ళే వయసుకొచ్చాక సాయంత్రం క్లాసుల్లో చేరాను. రెండేళ్ళ డిగ్రీ చేతికొచ్చాక స్టేట్ యూనివర్సిటీలో మూడో సంవత్సరంలోకి వెళ్ళాను. ఈ మాట చెబితే మా ఊరి పెద్దవాళ్ళు "మంచి కాలేజీలో సీటు రాలేదా అమ్మా?" అని జాలిగా అడుగుతారు. ఇంటరుకీ ఎంసెట్‌కీ మధ్య బతుకు తేలిపోయే చోట పుట్టినవాళ్ళం, ఆ జాలి నాకు అర్థమవుతుంది. కానీ ఈ దేశం ఈ కాలేజీలను ఎందుకు పెట్టుకుందో, పోలీసు చదువు వీటిలోకి ఎలా వచ్చి చేరిందో తెలుసుకుంటే ఆ జాలి అక్కర్లేదనిపిస్తుంది.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ అనే ఊళ్ళో 1901లో ఒక హైస్కూలు ఆరుగురు విద్యార్థులకు అదనపు పాఠాలు మొదలుపెట్టింది. యూనివర్సిటీలోని మొదటి రెండేళ్ళ చదువు సొంత ఊళ్ళోనే చెప్పవచ్చన్నది షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ ఆలోచన. అలా పుట్టిందే జోలియెట్ జూనియర్ కాలేజీ. కాలిఫోర్నియా 1907లో హైస్కూళ్ళకు ఇలాంటి పాఠాలు చెప్పే అనుమతినిస్తూ చట్టం చేసింది, 1910లో ఫ్రెస్నోలో ఒక కాలేజీ వెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి సైనికులు తిరిగొచ్చాక వీటి అవసరం ఒక్కసారిగా పెరిగింది. 1947లో ప్రెసిడెంట్ ట్రూమన్ వేసిన కమిషన్, ప్రతి ఊరికీ అందుబాటులో ఇలాంటి కాలేజీ ఉండాలని చెప్పింది. 1960లో కాలిఫోర్నియా ఒక ప్రణాళికను చట్టం చేసింది. హైస్కూలు నుంచి వచ్చేవాళ్ళలో పై ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, మిగతా అందరికీ రెండేళ్ళ కాలేజీలు. అక్కడ బాగా చదివినవాళ్ళు మూడో సంవత్సరంలో పై కాలేజీలకు మారవచ్చు. పద్దెనిమిదేళ్ళకు వెనకబడినవాడికి ఇరవై ఏళ్ళకు మళ్ళీ దారి తెరిచి ఉంచడం ఆ ప్రణాళికలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. 1984 దాకా ఈ కాలేజీల్లో ఫీజే లేదు. ఇప్పుడు రాష్ట్రవాసులకు యూనిట్‌కి 46 డాలర్లు, అంటే అరవై యూనిట్ల డిగ్రీకి ఫీజు 2,760 డాలర్లు.

ఇక పోలీసు చదువు సంగతి. ఇందులో మొదట చెప్పుకోవలసిన మనిషి ఆగస్ట్ వోల్మర్. హైస్కూలు గడప తొక్కనివాడు, ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసినవాడు. 1905లో బర్క్‌లీ ఊరికి మార్షల్‌గా ఎన్నికయ్యాడు, తర్వాత పోలీస్ చీఫ్ అయ్యాడు. ఆ రోజుల్లో అమెరికా పోలీసు ఉద్యోగాలు చాలా ఊళ్ళలో రాజకీయ నాయకుల చేతుల్లో ఉండేవి. కండబలం, నాయకుడి సిఫార్సు ఉంటే చాలు. చదువు లేని వోల్మరే చదువుకున్న పోలీసు కావాలని పట్టుబట్టాడు. 1908లో తన స్టేషన్లోనే బడి పెట్టాడు. 1916లో బర్క్‌లీ యూనివర్సిటీలో వేసవి పాఠాలు మొదలయ్యేలా చూశాడు. 1930లో సాన్ హోసేలోని స్టేట్ కాలేజీలో పోలీసు కోర్సు వచ్చింది. నిజానికి ఆయనంటే నాకున్న గౌరవం పూర్తి గౌరవం కాదు. నేరబుద్ధి వంశపారంపర్యంగా వస్తుందనే ఆ కాలపు వాదాన్ని ఆయన కూడా బోధించాడు. అయినా 1931లో ప్రభుత్వం వేసిన వికర్‌షమ్ కమిషన్ కోసం పోలీసుల మీద నివేదికను నడిపించింది ఆయనే. అదే కమిషన్ మరో నివేదికలో, నేరం ఒప్పించడానికి పోలీసులు నిందితులను హింసించడం దేశమంతటా ఉందని రాసింది. మన పేపర్లు ఇప్పటికీ థర్డ్ డిగ్రీ అని రాసే సంగతే అది. ఇక్కడ దాన్ని ప్రభుత్వ కమిషనే రాతపూర్వకంగా ఒప్పుకుంది.

అయినా వోల్మర్ కల ముప్పై ఏళ్ళకు పైగా కొద్దిచోట్లే నిలిచింది. దాన్ని దేశమంతా పరిచింది భయం. 1965లో లాస్ ఏంజలస్‌లోని వాట్స్, 1967లో న్యూఆర్క్, డెట్రాయిట్ అల్లర్లతో మండిపోయాయి. చాలాచోట్ల నిప్పు రాజేసింది నల్లజాతి వారితో పోలీసులు ప్రవర్తించిన తీరు. ప్రెసిడెంట్ జాన్సన్ వేసిన నేర కమిషన్ 1967లో పోలీసులకు కాలేజీ చదువు ఉండాలని సిఫార్సు చేసింది. 1968లో చట్టం వచ్చింది. పోలీసులకూ, పోలీసులు కాదల్చుకున్నవాళ్ళకూ చదువుకోవడానికి కేంద్రం డబ్బు ఇచ్చింది. ఆ డబ్బు అందుకోవడానికి కమ్యూనిటీ కాలేజీలు వరసపెట్టి కోర్సులు తెరిచాయి. ఊరూరా ఉన్నవి అవే, డ్యూటీ దిగాక సాయంత్రం పాఠం చెప్పగలిగినవీ అవే.

ఫలితం సగమే మంచిది. రిటైరైన పోలీసులు తమ అనుభవాన్నే పాఠంగా చెప్పేవారు. 1978లో లారెన్స్ షెర్మన్ నాయకత్వంలో వచ్చిన జాతీయ నివేదిక దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇది చదువు కాదు, శిక్షణను మళ్ళీ చెప్పడం అంది. పోలీసులను ప్రశ్నించే చదువుకు ఏమైందంటే, వోల్మర్ శిష్యుడు ఓ.డబ్ల్యూ. విల్సన్ డీన్‌గా ఉన్న బర్క్‌లీ క్రిమినాలజీ స్కూలు తర్వాత పోలీసు వ్యవస్థను విమర్శించే అధ్యాపకులకు ఇల్లయింది. దాన్ని 1976లో మూసేశారు. మూసేయడం తప్పని నా గట్టి నమ్మకం. పోలీసును తయారుచేసే చదువులో పోలీసును తప్పుపట్టే గొంతు కూడా ఉండాలి.

నాకు పాఠం చెప్పిన వారిలో ఒకరు రిటైరైన సార్జెంటే. కానీ పుస్తకాలు ఇప్పుడు మారాయి. పేదవాడికి ప్రభుత్వమే వకీలును ఇవ్వాలన్న 1963 నాటి గిడియన్ తీర్పు, ఫీనిక్స్‌లో అరెస్టయిన ఎర్నెస్టో మిరాండా పేరు మీద వచ్చిన 1966 తీర్పు మాకు మొదటి పాఠాలు. మాట్లాడకుండా ఉండే హక్కు నీకుందని పోలీసు ముందే చెబితే, తర్వాత నిందితుడు స్వచ్ఛందంగా ఒప్పుకున్నది ఇక్కడ సాక్ష్యంగా చెల్లుతుంది. మన దేశంలో పోలీసు ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో సాక్ష్యం కాదు. 1872 సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ అది, ఇప్పుడు కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 23వది. ఈ సంగతి క్లాసులో చెబితే ఎవరూ నమ్మలేదు, సెక్షన్ తెచ్చి చూపించాను. అంత గట్టి చట్టం ఉండి కూడా మన లాకప్పుల్లో మనుషులు చనిపోతున్నారు. చట్టం చదివి అర్థం చేసుకోగల కానిస్టేబుల్ కావాలని ఆ రోజు నాకు బలంగా అనిపించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ ఉద్యోగానికి ఇంటర్ చాలు. ఉద్యోగంలో ఉంటూ సాయంత్రం పూట పై చదువు చదువుకునే దారి వాళ్ళకు మనం వేయలేదు.

ఆ క్లాసులో నా పక్కన షెరీఫ్ ఆఫీసులో ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాడు కూర్చునేవాడు. వెనక బెంచీలో జైలు శిక్ష ముగించుకుని వచ్చిన పెద్దాయన. సోదా చేసే అధికారం మీద చర్చ జరిగితే ఒకరు వీధిలోంచీ, ఒకరు గోడకు ఆనించిన చేతుల్లోంచీ మాట్లాడేవారు. పెద్ద యూనివర్సిటీలో నాకీ అవకాశం దొరకలేదు.

ఈ కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారడం మాత్రం అంత తేలిక కాదు. చేరినవాళ్ళలో చాలామంది యూనివర్సిటీ దాకా వెళ్ళలేరు. ఉద్యోగాలు, అద్దెలు, చంటిపిల్లలు. పైగా ఇక్కడ చదివిన పాఠాన్ని అక్కడ మళ్ళీ చదవమనేవారు. 2010లో వచ్చిన చట్టం దీన్ని కొంత సరిచేసింది. నిర్ణయించిన అరవై యూనిట్లు పూర్తిచేసి, అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ అనే పట్టా పొందితే స్టేట్ యూనివర్సిటీల్లో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. మరో అరవై యూనిట్లతో బ్యాచిలర్స్ పూర్తవుతుంది. మా సబ్జెక్టుకు ఇక్కడ అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ అని పేరు.

2021లో కాలిఫోర్నియా కొత్త పోలీసుల కనీస వయసును 21కి పెంచి, వారికోసం కొత్త డిగ్రీ రూపొందించే పనిని కమ్యూనిటీ కాలేజీలకే అప్పగించింది. అంతకుముందు 2014లోనే, ఈ కాలేజీల అధ్యాపకులు జైళ్ళలోకి వెళ్ళి నేరుగా పాఠం చెప్పడానికి చట్టం వీలు కల్పించింది. 1994లో ఖైదీలకు ఆపేసిన కేంద్ర ఉపకారవేతనాలు 2023 జులైలో తిరిగొచ్చాయి. శాన్ క్వెంటిన్ జైలు లోపల నడిచే మౌంట్ టామల్‌పయస్ కాలేజీకి 2022లో గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు ఇచ్చిన కమిషనే, పోలీసులకు డిగ్రీ ఇచ్చే మా ఊరి కాలేజీకి కూడా గుర్తింపు ఇస్తుంది.