కంగాణి అప్పు నుంచి ఏజెంటు అప్పు దాకా

ఆదివారం సెరంగూన్ రోడ్డులో నలుగురం కలిస్తే మాట ఎటు తిరిగినా చివరికి అప్పు దగ్గరికే వస్తుంది. ఏజెంటుకి ఎంత కట్టావు? వడ్డీ ఎంత? తీరడానికి ఇంకా ఎన్ని నెలలు? ఈ లెక్క మనతో మొదలైంది కాదు. వందేళ్ళ కిందట మలయాకు వచ్చిన మన పెద్దలూ ఇదే లెక్క వేసుకున్నారు.

ఆ రోజుల్లో సింగపూరు, మలయా రెండూ తెల్లదొరల పాలనలోనే ఉండేవి. విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి మనవాళ్ళు పొట్ట చేతపట్టుకుని ఓడెక్కి మలయా తోటలకు వచ్చారు. కొందరు ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చినవాళ్ళు. గడువు తీరకముందే పని మానేస్తే శిక్ష పడేది. ఇంకొందరిని కంగాణి తీసుకొచ్చేవాడు. కంగాణి అంటే మన మేస్త్రీ లాంటివాడే. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చేదీ, తోటలో పని చేయించేదీ, మనిషికింత అని కమీషను తీసుకునేదీ అతనే. అప్పు తీరేదాకా కూలీ కదలలేడు.

1907లో మలయాలో ఒక వలస నిధి పెట్టారు. తోటల యజమానుల దగ్గర సొమ్ము వసూలు చేసి, కూలీల ఓడ ఖర్చు అందులోంచి కట్టారు. 1910లో ఒప్పంద కూలీ పద్ధతి కూడా ఆగిపోయింది. నెల రోజుల నోటీసు ఇచ్చి వేరే తోటకు పోయే వీలు వచ్చింది. ఇది దయతో చేసిన పని కాదు, రబ్బరు తోటలు పెరిగి మనుషులు కావలసి వచ్చింది. అయినా ఓడ ఖర్చు కూలీ నెత్తి మీంచి యజమాని నెత్తి మీదికి మారింది.

పనికి నిలకడ మాత్రం రాలేదు. 1930 తర్వాత రబ్బరు ధర పడిపోగానే వేలమందిని వెనక్కి పంపేశారు. 1938లో భారత ప్రభుత్వం ఇలా కూలీలను తీసుకుపోవడాన్ని నిలిపివేసింది.

మరి మన కాలం? 2008లో కఫ్ రోడ్డు దగ్గర టీడబ్ల్యూసీ2 సంస్థ ఉచిత భోజనం మొదలుపెట్టింది. దెబ్బ తగిలి, జీతం రాక, కేసు తేలేదాకా పని లేకుండా ఉన్నవాళ్ళ కోసం అది. 2009లో వలస కార్మికుల కేంద్రం వచ్చింది. 2011 నుంచి సింగపూరు ఏజెంటు రెండు నెలల జీతానికి మించి తీసుకోకూడదని రూలు ఉంది. 2025 జూలై నుంచి వర్క్ పర్మిట్ మీద ఇన్నేళ్ళే ఉండాలన్న గడువునూ తీసేశారు.

ఇవన్నీ మేలే. కానీ సింగపూరు రూలు మన ఊరి సబ్ ఏజెంటు దాకా పోదు. పొలం తాకట్టు పెట్టేది, ఇంటావిడ బంగారం కుదువ పెట్టేది అక్కడే. అప్పు ఉన్నవాడు జీతం తగ్గించినా నోరెత్తలేడు, దెబ్బ తగిలినా దాచుకుంటాడు. పర్మిట్ రద్దయితే తిరిగి రావడానికి మళ్ళీ అప్పే.

అందుకే తమ్ముడో బావమరిదో వస్తానంటే ముందు ఫోనులో ఈ రెండు మాటలు చెబుదాం. ఐపీఏ కాగితంలో జీతం ఎంత రాశారో చూడకుండా డబ్బు కట్టొద్దు, రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. ఓడ ఖర్చు ఎవరి నెత్తిన పడాలన్న ప్రశ్న మన పెద్దల నాటిది. విమానం టిక్కెట్టు దగ్గరా మనం అదే అడగాలి.