పడ్డ ఏడాదికే లేచిన పీఎస్‌ఎల్‌వీ

సూళ్లూరుపేట దాటి తూర్పుగా సాగితే రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ సరస్సే. ఆ నీళ్లకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. యానాదులు తరతరాలుగా బతికిన ఈ నేలను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. తూర్పున అంతా సముద్రం కాబట్టి రాలిపడే రాకెట్ భాగాలతో జనావాసాలకు ముప్పు తక్కువ. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ఇక్కడ పని మొదలైంది. 2002లో కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. జనం నోట మాత్రం ఇప్పటికీ అది 'షార్'.

1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 ఇక్కడి నుంచే రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దాని బరువు 35 కిలోలు. భూమిని పరిశీలించే ఉపగ్రహాలకు ఆ సత్తా చాలదు. అందుకే 1979లో భాస్కర, 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఏ సోవియట్ రాకెట్ల మీద వెళ్లాయి. ఉపగ్రహం మనది, ఎక్కిన బండి వాళ్లది.

ఆ లోటు తీర్చడానికి వచ్చిందే పీఎస్‌ఎల్‌వీ. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహం ధ్రువాల మీదుగా తిరగాలి. ఏ ప్రాంతం మీదికి వచ్చినా దాదాపు ఒకే స్థానిక సమయానికి రావాలి. అప్పుడే ఎండ పడే తీరు పెద్దగా మారకుండా, నిరుటి పైరును ఈ ఏటి పైరుతో పోల్చి చూడొచ్చు. ఇక్కడే షార్‌కు ఒక చిక్కుంది. నేరుగా దక్షిణానికి పంపితే దారిలో శ్రీలంక అడ్డొస్తుంది. కనుక రాకెట్ ముందు ఆగ్నేయంగా ఎగిరి, తర్వాత దక్షిణానికి మళ్లాలి. ఆ మలుపుకు అయ్యే ఇంధనం మేరకు మోసే బరువు తగ్గించుకోక తప్పదు.

1993 సెప్టెంబర్ 20న తొలి పీఎస్‌ఎల్‌వీ ఐఆర్‌ఎస్-1ఈతో లేచింది. రెండో దశ విడిపోయేటప్పుడు రాకెట్ అదుపు తప్పింది. నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లోని లోపం వల్ల మళ్లీ దారిన పడలేక సముద్రం పాలైంది. ఇంజనీర్లు తప్పెక్కడుందో వెతికి పట్టుకుని సరిదిద్దారు. 1994 అక్టోబర్ 15న రెండో పీఎస్‌ఎల్‌వీ 804 కిలోల ఐఆర్‌ఎస్-పీ2ను కక్ష్యలో చేర్చింది. భూ పరిశీలన ఉపగ్రహాన్ని సొంత రాకెట్ మీద పంపగలమని అక్కడితో రుజువైంది.

2005 మే 5న కార్టోశాట్-1తో రెండో ప్రయోగ వేదిక మొదలైంది. ఆ ఉపగ్రహంలోని రెండు కెమెరాలు ఒకే చోటును రెండు కోణాల్లో చూసి నేల ఎత్తుపల్లాలను కొలిచాయి. ఇలాంటి చిత్రాలను అందుకునే కేంద్రం హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్‌లో ఉంది. పంటల విస్తీర్ణం అంచనా వేయడానికీ, వరద ఎంత మేర ముంచిందో తేల్చడానికీ అధికారులు వాడేది ఆ సమాచారాన్నే.

ఇన్నేళ్ల అనుభవం ఉన్నా రాకెట్ ఎవరికీ లొంగి ఉండదు. 2025 మే 18న ఈఓఎస్-09ను తీసుకెళ్లిన పీఎస్‌ఎల్‌వీ మూడో దశలో విఫలమైంది. అదే ఏడాది జులై 30న నాసా, ఇస్రో కలిసి తయారుచేసిన 2,392 కిలోల నైసార్‌ను జీఎస్‌ఎల్‌వీ ఇదే దీవి నుంచి కక్ష్యలోకి చేర్చింది. మబ్బులున్నా, చీకటైనా నేలను చూడగల రాడార్లు దానిలో ఉన్నాయి. ప్రతి 12 రోజులకూ అది మళ్లీ అదే దారికి వస్తుంది.

అర్ధ శతాబ్దం దాటిన షార్ చరిత్రలో గెలుపుల జాబితా పెద్దదే. కానీ ఆ గెలుపుల్ని నిలబెట్టింది ఓటమిని దాచకుండా విప్పి చూసుకున్న పద్ధతి. ఈ సంచిక చదివే విద్యార్థులకు ఒక మాట. షార్‌లో 2019 నుంచి సందర్శకుల గ్యాలరీ ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకుని ఒక్క ప్రయోగమైనా చూసి రండి. వెళ్లేముందు 1993 సెప్టెంబర్ 20న ఏం జరిగిందో చదువుకుని మరీ వెళ్లండి.