మూసీ వరద నుంచి రోహిణి ఎండల వరకు

మన సంఘ సమావేశాలలో పెన్షను, డి.ఏ. బకాయిల తరువాత ఎక్కువగా చర్చకు వచ్చే విషయం వాతావరణమే. "మా చిన్నప్పుడు ఇంత ఎండలు లేవు", "ఇలాంటి వాన ఎన్నడూ చూడలేదు" అని అందరం అంటూ ఉంటాం. ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఈ మాటలలో నిజమెంతో రికార్డుల ఆధారంగా వ్రాస్తే సభ్యులకు ఉపయోగంగా ఉంటుందని అనిపించింది. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాణ్ణి. అయినా ఉద్యోగరీత్యా వానతో కొంత పరిచయం కలదు.

తాలూకా కార్యాలయం ఆవరణలో వర్షమాపకం ఉండేది. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు అందులో చేరిన నీటిని కొలిచి, రిజిస్టరులో వ్రాసి, జిల్లా కార్యాలయానికి తెలియపరచాలి. పాత రిజిస్టర్లలో అంగుళాలు, సెంట్లు కనిపించేవి. మా నాటికి మిల్లీమీటర్లు వచ్చాయి. వాన పడని రోజున సున్నా వేయాలే గాని గడి ఖాళీగా వదలరాదు. కరువు ఏడాదిలో ఆ సున్నాలకు విలువ వచ్చేది. వరుసగా ఎన్ని రోజులు వాన లేదో వాటిని బట్టే లెక్క తేలేది.

వాన ఎక్కడ నుంచి వస్తుంది?

వేసవిలో నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. ఉత్తర భారతం మీద పీడనం తగ్గి, సముద్రం మీది తేమగాలి ఇటు మళ్ళుతుంది. ఇదే నైరుతి ఋతుపవనం. అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తన తేమలో చాలా భాగం అక్కడ కురిపించేస్తుంది. మన పీఠభూమికి చేరేది మిగిలినదే. అందుచేత జంటనగరాల సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్లు మాత్రమే.

మనకు దండిగా వాన రావాలంటే బంగాళాఖాతం కదలాలి. అక్కడ అల్పపీడనం ఏర్పడితే చుట్టుపట్ల తేమగాలి దానిలోకి చేరి పైకి లేస్తుంది. పైన చల్లబడి మేఘమవుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వెలువడే వేడి గాలిని ఇంకా పైకి నెడుతుంది. గాలివేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండమనీ, 62కు చేరితే తుపాను అనీ వాతావరణ శాఖ లెక్క. పడమరగా సాగే వాయుగుండానికి నైరుతి దిక్కున వాన ఎక్కువ. అందుకే కాకినాడ వద్ద తీరం దాటిన వాయుగుండం, మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మనల్ని తడుపుతుంది.

1908 నాటి పాఠం

1908 సెప్టెంబరు 28, సోమవారం. అప్పటికి హస్త కార్తె. ఋతుపవనం వెనుదిరిగే ముందు బంగాళాఖాతంలో అల్పపీడనాలు బలపడే కాలమది. మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. సుమారు 15,000 మంది మరణించారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి తోటలో ఉన్నదని సభ్యులకు విదితమే.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన మొదట చేసిన పని వర్షపాతం లెక్కలు సేకరించడం. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు కురిసినట్లు రికార్డు ఉన్నది. మన కొలతలో ఇవి సుమారు 32, 48 సెంటీమీటర్లు. ఆ రోజు వర్షమాపకం చూచి అంకె వేసిన ఉద్యోగి పేరు చరిత్రకు ఎక్కలేదు. కాని ఆ అంకె లేకుంటే వరద ప్రమాణం కట్టడం కష్టమయ్యేది. 860 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా వాటిలో 221 తెగిపోయాయని కూడా ఆయన తేల్చారు. అనగా వాన ఒక్కటే నగరాన్ని ముంచలేదు. పై చెరువు తెగి కింది చెరువు మీద పడి, వరద రెట్టింపయింది.

ఎగువన జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచాలన్నది విశ్వేశ్వరయ్యగారి సలహా. దాని ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద నుంచి కాపాడటానికి కట్టినవే తరతరాలకు తాగునీరు ఇచ్చాయి.

జలాశయాలు నదిని పట్టగలవు గాని, వాటి దిగువన నగరం మీదనే కురిసే వానను పట్టలేవు. 2000 ఆగస్టు 24న మన బేగంపేట వాతావరణ కేంద్రంలో 24 గంటలకు 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. హుసేన్‌సాగర్‌లోకి వచ్చే నాలాలు పొంగి, బస్తీలకు బస్తీలే మునిగాయి. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ సమీపాన తీవ్ర వాయుగుండం తీరం దాటగా, ఆ రాత్రి వరకు ఇక్కడ కుండపోత. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా పడింది. పాతబస్తీ వైపు పల్లె చెరువు, కొద్ది రోజులకే గుర్రం చెరువు తెగి ఇళ్ళ మీద పడ్డాయి. నూట పన్నెండేళ్ళ తరువాత కూడా తెగినది చెరువు కట్టే! చెరువు శిఖం, నాలా ఒడ్డు ఇళ్ళ స్థలాలుగా మారినా, సర్వే పటంలో అవి చెరువులుగానే ఉంటాయి. నీరు ఆ పటం ప్రకారమే నడుస్తుంది.

వాన రాని ఏడాది

తేమగాలి రాకపోయినా, వచ్చి పైకి లేవకపోయినా కరువు. 1876-78లో హైదరాబాదు సంస్థానంతో సహా దక్షిణ భారతమంతా ఘోరమైన కరువు పాలైంది. అప్పటికి 1875లో స్థాపించిన భారత వాతావరణ శాఖకు ఏడాది వయస్సు. ఋతుపవనం ఎందుకు తప్పుతుందో ముందుగా చెప్పగలమా అన్న ప్రశ్న ఆ శాఖను వెంటాడింది. 1904 నుంచి 1924 వరకు దాని అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. దేశదేశాల పీడనం లెక్కలు తెప్పించి పోల్చగా, పసిఫిక్ మహాసముద్రం వైపు పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గుతున్నదని, త్రాసు పళ్ళేల వలె ఇవి ఊగుతున్నాయని కనుగొన్నారు. పసిఫిక్ నీరు వేడెక్కే 'ఎల్ నినో'కూ ఈ త్రాసుకూ సంబంధం ఉన్నదని తరువాతివారు తేల్చారు. ఆ సమయంలో గాలి పైకి లేచే చోటు తూర్పుకు జరిగి, మన మీద గాలి కిందికి దిగుతుంది. దిగే గాలిలో మేఘం కట్టదు.

అయితే ఇది తప్పనిసరి సూత్రం కాదు. 1997లో ఎల్ నినో చాలా బలమైనదే అయినా దేశంలో వాన సగటుకు తగ్గలేదు. 2002లో మాత్రం జులై నెలలో వాన దాదాపు సగానికి పడిపోయింది. 2009 మరీ విచిత్రం. దేశం మొత్తానికి వాన 22 శాతం తగ్గి కరువు ప్రకటనలు వెలువడిన ఏడాదే, అక్టోబరు మొదటి వారంలో అల్పపీడనం వల్ల కృష్ణ, తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణం మునిగింది. ఏడాది మొత్తం లెక్క ఒక్కటి చూస్తే కరువూ కనిపించదు, వరదా కనిపించదు. రోజువారీ లెక్క కావాలి.

కనిపించని విపత్తు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దల సామెత. మే నెలలో ఆకాశం నిర్మలంగా ఉండి, పై నుంచి గాలి కిందికి దిగుతూ వేడెక్కి, వాయవ్యం నుంచి పొడిగాలి వీచి, ఋతుపవనం ఆలస్యమైతే వడగాడ్పులు విజృంభిస్తాయి. తడి ఆరిన నేల ఎండ వేడినంతా గాలికే ఇస్తుంది. బేగంపేటలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. కనుక వెనకటికి ఎండలు లేవనడం పూర్తిగా సరికాదు. కాని నాడు ఇంటి ముందు చెట్టు ఉండేది, రాత్రి ఆరుబయట మంచం వేస్తే చల్లబడేది. నేడు సిమెంటు గోడలు పగటి వేడిని రాత్రంతా వదులుతున్నాయి. పైగా భూమి సగటు ఉష్ణోగ్రత పెరుగుతున్నది. ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం అధిక తేమ పట్టగలదు. ఎండా పెరుగుతుంది, కురిస్తే కుండపోతా పెరుగుతుంది.

2015 మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి రెండు వేలకు పైగా వడదెబ్బకు మరణించారు. దీనికి పక్కన మరో లెక్క పెట్టి చూడండి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపానులో ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు వందలోపే. ఉపగ్రహాలు, రాడార్లు ముందే చెప్పాయి, అధికారులు లక్షల మందిని తరలించారు. తుపాను నుంచి మనుషులను కాపాడటం మనకు వచ్చింది. ఎండ నుంచి కాపాడటం ఇంకా రాలేదు.

కారణం ఏమంటే వడగాడ్పు గోడలు కూల్చదు, కట్టలు తెంచదు. ఒంటరిగా ఉన్న ముసలివాణ్ణి మంచం మీదనే తీసుకుపోతుంది. పరిహారం కోసం తహసీల్దారు, వైద్యాధికారి, పోలీసు అధికారి విచారించి ధ్రువీకరించాలి. పొలంలో, రోడ్డు మీద పడిపోయినవారి సంగతి అలా నమోదవుతుంది. మేడ మీది గదిలో నిద్రలో పోయినవారిని "వయస్సు మళ్ళింది" అని సరిపెట్టుకుంటాం. ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది. ఈ సంచిక చదివేవారిలో అధికులు ఆ వయస్సువారేనని వేరుగా చెప్పనక్కరలేదు.

వయస్సు మీద పడ్డ కొద్దీ దాహం తెలియదు, చెమట తగ్గుతుంది. బి.పి. కోసం నీరు బయటకు పంపే మాత్రలు వాడేవారు వేసవికి ముందే డాక్టరుగారిని సంప్రదించాలి. పదకొండు నుంచి నాలుగు వరకు నీడ పట్టున ఉండి, దాహం లేకున్నా మజ్జిగ, నీళ్ళు తాగుతూ ఉండాలి. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులలో ఇచ్చే హెచ్చరికలు మన ఇళ్ళలోని పిల్లల ఫోన్లలో ఉంటాయి. చదివి వినిపించమనడంలో చిన్నతనం లేదు.

సంఘానికి నాది ఒక మనవి. ఒంటరిగా నివసించే సభ్యుల జాబితా వార్డులవారీగా తయారు చేసి, నారింజ లేక ఎరుపు హెచ్చరిక వచ్చిన రోజున, అది ఎండకైనా వానకైనా, ఒక్కొక్కరికి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేసే ఏర్పాటు చేయాలి. ఫోను ఎత్తనివారి ఇంటికి ఎవరో ఒకరు వెళ్ళాలి. ఆ రిజిస్టరు వ్రాసే పని, సంఘం అనుమతిస్తే, నేను చేస్తాను.