భూమి చరిత్ర – 6: మనకంటే ఏడేళ్ల ముందే తీగకు హక్కు వచ్చింది



ఓర్వకల్లు అంటే ఇప్పుడు అందరికీ ఎయిర్‌పోర్టు, సోలార్ పార్కు గుర్తొస్తాయి. శకునాల, గని గ్రామాల దగ్గర దాదాపు 5,900 ఎకరాల్లో కట్టిన 1,000 మెగావాట్ల పార్కు 2017లో మొదలైంది. అక్కడ పుట్టిన కరెంటు బయటికి పోవాలంటే హైటెన్షన్ లైన్లు కావాలి. పార్కు ఒకచోటే ఉంటుంది, లైను మాత్రం ఊళ్లు దాటుకుంటూ పోతుంది. దారిలో మెట్ట చేలుంటాయి. వాటిలో మనవాళ్ల డి.కె.టి. పట్టా భూములుంటాయి, గుత్తకు చేసుకునే చేలుంటాయి.

"ఇది గవర్నమెంటు ఇచ్చిన భూమి, నీకేం పరిహారం?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? జవాబు చరిత్రలో ఉంది.

1885లో బ్రిటిష్ ప్రభుత్వం టెలిగ్రాఫ్ చట్టం చేసింది. ఎవరి నేలలోనైనా స్తంభం పాతి తీగ లాగే అధికారం దాంతో వచ్చింది. కర్నూలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పంచములకు భూములు కేటాయించాలని మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 1892లో. అంటే నేల మీద తీగకు హక్కు వచ్చిన ఏడేళ్లకు గానీ మన పేరు భూమి కాగితాల దాకా రాలేదు.

ఆ అధికారం టెలిగ్రాఫ్ దగ్గరే ఆగలేదు. 1910 విద్యుత్ చట్టం దాన్ని కరెంటు లైన్లకు ఇవ్వడానికి దారి తీసింది. 1948 చట్టం విద్యుత్ బోర్డులకు ఇచ్చింది. 2003 చట్టంలో 164వ సెక్షన్ కింద ప్రభుత్వం కంపెనీలకు కూడా ఇవ్వవచ్చు. 2023 టెలికం చట్టం పాత టెలిగ్రాఫ్ చట్టాన్ని తీసేసినా, కరెంటు లైన్ల కోసం అందులోని మూడో భాగాన్ని మాత్రం అట్టిపెట్టింది.

మనం కరెంటుకు వ్యతిరేకం కాదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ 1943లోనే, పేదరికం పోవాలంటే పరిశ్రమలు రావాలని, వాటికి చవకైన కరెంటు సమృద్ధిగా ఉండాలని వాదించారు. మన ప్రశ్న ఒక్కటే: ఆ కరెంటు ఖర్చు ఎవరి చేను మీద పడుతోంది?

ఇప్పుడు ఆ 1885 చట్టాన్నే మన వైపు నుంచి చదవండి. 10వ సెక్షన్ మూడు మాటలు చెబుతుంది. ఒకటి, తీగ వేసినవాళ్లకు వచ్చేది వాడుకునే హక్కు మాత్రమే, భూమి వాళ్లది కాదు. రెండు, వీలైనంత తక్కువ నష్టం చేయాలి. మూడు, ఆ ఆస్తితో సంబంధం ఉన్న వాళ్లందరికీ పూర్తి పరిహారం ఇవ్వాలి. చట్టం "పట్టాదారు" అనలేదు, గమనించండి. డి.కె.టి. రైతు, గుత్త రైతు తమ నష్టం అడగడానికి పునాది ఇదే. అసైన్డ్ భూమిని ప్రజా అవసరానికి వెనక్కి తీసుకుంటే సొంత పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి హైకోర్టు మేకల పాండు కేసులో తీర్పు ఇచ్చింది. దాన్ని కూడా దరఖాస్తులో పెట్టండి.

అభ్యంతరం ఎక్కడ చెప్పాలి? 2006 పర్యావరణ నోటిఫికేషన్ జాబితాలో ఈ లైన్లు లేవు. కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారని ఎదురుచూస్తే కాలం గడిచిపోతుంది.

మొదటి తలుపు లైసెన్సు దశలో ఉంది. ట్రాన్స్‌మిషన్ లైసెన్సుకు దరఖాస్తు చేసిన కంపెనీ నోటీసు ప్రచురించాలి. 30 రోజుల్లోపు వచ్చిన అభ్యంతరాలను కమిషన్ పరిశీలించాలి. రాష్ట్ర కమిషన్ ఆఫీసు ఇప్పుడు కర్నూలులోనే ఉంది.

రెండోది కలెక్టరు. 164 అధికారం ఉన్న కంపెనీకి రైతు ఒప్పుదల అక్కర్లేదని సుప్రీంకోర్టు 2016లో సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో చెప్పింది. అయినా రైతు అడ్డు చెబితే 16వ సెక్షన్ కింద అనుమతి ఇవ్వాల్సింది జిల్లా మేజిస్ట్రేటు. అందుకే ముందు 164 ఉత్తర్వు కాపీ అడగండి. అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి.

మూడోది జిల్లా జడ్జి. పరిహారం చాలకపోతే తేల్చేది ఆ కోర్టే. టవర్ అడుగు భూమికి 85 శాతం, తీగల కింది భూమికి 15 శాతం మించకుండా ఇవ్వాలన్న 2015 కేంద్ర మార్గదర్శకాలను 2024 జూన్‌లో 200 శాతానికి, 30 శాతానికి పెంచారు. అవి మార్గదర్శకాలే. చట్టంలో ఉన్న మాట "పూర్తి" పరిహారం.

విద్యార్థి మిత్రులకు ఒక పని. లైను సర్వే రాళ్లు పడిన ఊరికి వెళ్లండి. ఎవరి చేను, ఏ పంట, ఎన్ని చెట్లు, బోరు ఉందా, సాగు చేస్తున్నదెవరు అని రాసుకోండి, ఫొటోలు తీయండి. అడంగల్‌లో పేరు లేని గుత్త రైతుకు రేపు కోర్టులో పనికొచ్చేది ఆ కాగితమే. టవర్ లేచాక ఆ లెక్క తీయడం కష్టం.